ఆది రవిక

వెంకటసుబ్బమ్మ వంగి నడిచేది. ప్రొద్దుటూరులో వాళ్ళుండే వీధి ఆ వంగడాన్ని చూసి ముచ్చటపడేది. "మొగుడు పోయిన మనిషంటే అట్లుండాల. తల ఎత్తదు, గొంతు ఎత్తదు" అని అరుగుల మీది ముసలమ్మలు తమ కోడళ్ళకు ఆమెను చూపించి బుద్ధులు చెప్పేవాళ్ళు. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఆమె ఆ మెప్పును కాదనలేదు. అసలు సంగతి ఏమిటంటే, నిటారుగా నిలబడడం ఆమెకు చేతనయ్యేది కాదు. వీపు పైభాగాన, రెండు రెక్కల నడుమ, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నొప్పి. ఆ నొప్పి ఉండేది వీపులోనే గాని దాని కారణం ముందువైపు ఉంది. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

ఇరవై దాటి, కాపురంలో కుదురుకున్నాక ఆమె ఒళ్ళు అట్లా తిరిగింది. మనిషి సన్నమే, రొమ్ములు మాత్రం పెద్దవి. బావి దగ్గర ఆడవాళ్ళు మూతులు తిప్పుకుని నవ్వేవాళ్ళు. "ఈమెకు పుట్టే బిడ్డకు పాల కరువుండదులే" అనేవాళ్ళు. బిడ్డ పుట్టనే లేదు. బరువు మాత్రం మిగిలిపోయింది.

భర్త ఉన్నంతకాలం ఆ బరువు ఆమెను పెద్దగా బాధపెట్టలేదు. అప్పట్లో అందరివీ ముడి రవికలే. ముందు రెండు కొసలూ లాగి గట్టిగా ముడివేస్తే పొద్దుగూకే దాకా కదలకుండా పట్టి ఉంచేవి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి సంవత్సరం, బోర్డు స్కూల్లో అయ్యవారుగా ఉన్న భర్త విషజ్వరంతో పోయాడు. పదోరోజున బొట్టూ గాజులతో పాటు రవికలూ పోయాయి. మగడు పోయిన ఆడది కుట్టిన గుడ్డ తొడగరాదని వాళ్ళ ఇంటి ఆచారం. పెట్టెలో ఉన్న రవికలన్నీ మూటగట్టి చాకలామెకు ఇచ్చేశారు. బొట్టు కోసం ఆమె ఏడ్చింది, గాజుల కోసం ఏడ్చింది. రవికల కోసం ఏడవాలని ఆనాడు తెలియదు. నెల తిరక్కముందే తెలిసింది.

భర్త అన్న వేదవ్యాస పౌరోహిత్యం చేసేవాడు. చెడ్డవాడు కాదు. తమ్ముడి భార్యకు తల గొరిగించాలని పెద్దలు పట్టుబడితే, కాలం మారింది గదా అని అడ్డుపడి జుట్టు దక్కించాడు. కాలం జుట్టుదాకా మారింది గాని రవికదాకా రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మి వెంకటసుబ్బమ్మకు తోడికోడలు, అక్కా అని పిలవాలి. ఆ ఇంట్లో వెంకటసుబ్బమ్మకు ఇంత కూడూ, పడుకోవడానికి వంటింటి పక్క గదీ ఇచ్చారు. వంట ఆమెది. మడి వంట. తెల్లవారకముందే తలమీద నీళ్ళు పోసుకుని, తడి చీర చుట్టుకుని, నీళ్ళు తోడి, పప్పు రుబ్బి, ఆ తడి ఒంటిమీదే ఆరేదాకా పొయ్యి ముందు ఉండాలి. మడిలో ఉన్న మనిషిని ఎవరూ తాకరాదు. రాజ్యలక్ష్మి పిల్లలు పరుగెత్తుకుంటూ వస్తే, "పిన్నిని ముట్టుకోవద్దు!" అని లోపల్నుంచి కేక వచ్చేది. పిల్లలు ఆగిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు కేక అవసరం లేకుండానే ఆగిపోవడం నేర్చుకున్నారు.

నీళ్ళు తోడడానికి వంగితే బరువంతా ముందుకు జారి మెడను లాగేది. రుబ్బురోలు ముందు అంతే, గంజి వార్చేటప్పుడు అంతే. ఒక్కోనాడు వేళ్ళ కొసలు తిమ్మిరెక్కి గరిటె జారేది. ఎండాకాలం వస్తే కడప ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. రొమ్ముల కింద చెమటకు ఒరుసుకుని చర్మం ఎర్రగా చిట్లేది. పసుపు రాస్తే మానేదే, కానీ ఆమెకు పసుపు కూడదాయె. కొబ్బరినూనె రాసుకుని ఊదుకునేది.

ఒకసారి ధైర్యం చేసి రాజ్యలక్ష్మితో సగం మాట అంది. "అక్కా, ఈ బరువుకే వీపు నొస్తాందేమో" అని. రాజ్యలక్ష్మి కిసుక్కున నవ్వి, "తీగకు కాయ బరువా యాడైనా?" అంది. తీగకు కాయ బరువా అని అందరూ అంటారు. తీగను అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

ఇక తన ఉపాయాలు తనే వెతుక్కుంది. పొయ్యి ముందు గొంతుక్కూర్చుంటే మోకాళ్ళు పైకి వస్తాయి గదా, రొమ్ములను వాటిమీద ఆనించుకునేది. అందుకే పనైపోయినా పొయ్యి వదిలేది కాదు. ఆమెకు వంటంటే అంత ప్రాణమని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. నీళ్ళు తోడాక ఎవరూ చూడనప్పుడు బావి గట్టు మీద బరువు దించి కాసేపు ఊపిరి పీల్చుకునేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసినప్పుడు నాపరాయి నేలమీద వెల్లకిలా పడుకుని, చల్లదనం వీపుకు ఎక్కేదాకా కళ్ళు మూసుకునేది. వావిలాకు వేణ్ణీళ్ళు పోసుకుంది, ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంది. తన వీపుకు తనే కాపడం పెట్టుకోవాలంటే ఎంతవరకు చెయ్యి అందుతుంది? నొప్పి ఉన్నచోటికి సరిగ్గా అందేది కాదు.

అట్లా ఉండగా రాజ్యలక్ష్మికి కాన్పు కష్టమయ్యేట్టుందని జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. పథ్యం వండిపెట్టడానికి వెంకటసుబ్బమ్మ వెంట పోయింది. ఆసుపత్రి వెనక బావి ఉంది. ఒక పొద్దున ఆమె అలవాటుగా గట్టు మీద బరువు ఆనించి నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో పలకరించారు. తెల్లచీర కట్టుకున్న నర్సు. పేరు నిర్మలమ్మ.

"ఏందమ్మా, కళ్ళు తిరుగుతాండాయా?"

"లేదమ్మా. నడుము నొప్పి."

"నడుము నొస్తే నడుము పట్టుకోవాల గదా. గట్టు మీద ఆనిస్తాండావు ఏంది?"

వెంకటసుబ్బమ్మకు ముఖం కందిపోయింది. నిర్మలమ్మ మళ్ళీ అడగలేదు. ఆ సాయంత్రం లోపలి గదికి పిలుచుకుపోయి, పెద్ద డాక్టరమ్మకు చూపించింది. డాక్టరమ్మ వెన్నెముక పొడుగునా కొనవేళ్ళతో తట్టి చూసి, నిర్మలమ్మతో ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి వెళ్ళింది.

"ఎముకకు ఏమీ కాలేదంట" అంది నిర్మలమ్మ. "ఇది మోసే జబ్బు. బిందెను దించకుండా రోజంతా చంకన పెట్టుకుని తిరిగితే చంక నొయ్యదా? నువ్వు అట్ల మోస్తాండావు. రవిక ఎందుకు తొడుక్కోవు?"

"మాలో తొడుక్కోరు."

"ఎవరు తొడుక్కోరు?"

"మొగుడు పోయినోళ్ళు."

"మందు రాసిస్తే మింగుతావు. రవిక రాసిస్తే తొడుక్కోవన్నమాట" అంది నిర్మలమ్మ. కోపం వెంకటసుబ్బమ్మ మీద కాదని ఆమె గొంతులోనే తెలిసింది. ఆ పైన విడమరిచి చెప్పింది. భుజాల మీది పట్టీలు వెడల్పుగా ఉండాలి, సన్నవైతే కోసుకుపోతాయి. రొమ్ముల కింద చుట్టూరా గట్టి పట్టీ ఉండాలి, బరువు దానిమీద నిలవాలి. పొద్దున్నే మడమలూ వీపూ తలా గోడకు ఆనించి నిలబడాలి. నీళ్ళు తెచ్చేటప్పుడు పెద్ద బిందె మానేసి చిన్నవి తెచ్చుకోవాలి. "నొప్పి ఒక్కనాటితో పోదు. కానీ తగ్గుతాది. నా మాట నమ్ము." పోబోతూ వెనక్కి తిరిగి ఇంకో మాట అంది. "మా అక్క పులివెందులలో ఆడపిల్లల హాస్టలు చూస్తాది. వంటమనిషి దొరక్క తిప్పలు పడతాంది. ఊరికే చెప్తాండా, అంతే."

రాజ్యలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ప్రొద్దుటూరు చేరారు. వెంకటసుబ్బమ్మ పొయ్యి ముందుకు చేరింది. కానీ ఆ మాట మనసులో నుంచి పోలేదు. తగ్గుతాది అన్నారు. తగ్గదని తెలిసినన్నాళ్ళూ మోయగలిగింది. తగ్గుతుందని తెలిశాక మోయడం కష్టమైపోయింది.

వాళ్ళ పెరటి వెనక సాయిబుల సందులో మాబున్ని ఉండేది. వసారాలో మిషను పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. రాజ్యలక్ష్మి రవికలూ, పిల్లల పావడాలూ ఆమె చేతివే. ఆ వీధి ఆడవాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఎవరూ కొలతలు ఇవ్వరు. సరిపోయిన పాత రవిక ఒకటి గుడ్డతో పాటు పంపిస్తారు. దాన్ని ఆది అంటారు. మాబున్ని ఆది చూసి కొత్తది కుట్టి, రెండూ మడిచి పెరటి గోడమీద పెట్టి పోయేది. ఒకరినొకరు ముట్టుకునే పని లేకుండా అంతా సాఫీగా జరిగిపోయేది.

ఒక మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తున్నప్పుడు వెంకటసుబ్బమ్మ పెరటి తలుపు తీసుకుని సందులోకి పోయింది. చంకలో తన తెల్లచీర నుంచి చించిన గుడ్డ.

మాబున్ని గుడ్డ అందుకుని అటూ ఇటూ తిప్పింది. "ఆది యాడమ్మా?"

"లేదు."

"ఆది లేకుంటే ఎట్ల కుట్టేది? ఎవరికి ఇది?"

"నాకే."

మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది. మాబున్ని ఆమెను పైనుంచి కిందికి చూసింది. వంగిన భుజాలు చూసింది, ముందుకు పడిన మెడ చూసింది. ఇన్నేళ్ళుగా పెరటి గోడ మీదుగా చూస్తున్న మనిషే. "లోపలికి రా అమ్మా" అని లేచి, లోపలి గదికి పరదా వేసింది.

"చేతులెత్తు."

వెంకటసుబ్బమ్మ చేతులెత్తింది. మాబున్ని టేపు వెనకనుంచి తిప్పి ముందుకు తెచ్చింది. వేళ్ళు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. భుజం కొలిచింది, చంక కింద కొలిచింది. అరచేతిని వీపుమీద పరిచి, బొటనవేలితో రెండు రెక్కల నడుమ ఒత్తి, "ఈడేనా నొచ్చేది?" అంది. సరిగ్గా అక్కడే. ఉప్పు మూట ఏనాడూ అందని చోటు. భర్త పోయిన తర్వాత ఒక మనిషి చెయ్యి ఇంత నింపాదిగా ఆమెను తాకడం అదే మొదలు. జమ్మలమడుగులో డాక్టరమ్మ తట్టింది గాని, అది జబ్బును తట్టడం. వెంకటసుబ్బమ్మకు కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. ఎత్తిన చేతులు దించలేదు, తుడుచుకోలేదు.

"నొచ్చిందా అమ్మా?"

"లేదు. ఇంకోసారి కొలు. సరిగ్గా కొలు."

మాబున్ని ఇంకోసారి కొలిచింది.

ఇంటికొచ్చాక మళ్ళీ స్నానం చేసి మడి కట్టుకోవాలి. బావి దగ్గర చేద చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. నీళ్ళు పోసుకుంటే ఆ చెయ్యి కూడా పోతుందేమోననిపించింది. పొయ్యి రాజేసే వేళ దాటిపోతోందని చివరికి పోసుకుంది.

రవిక నిర్మలమ్మ చెప్పినట్టే వచ్చింది. వెడల్పు పట్టీలు, కింద గట్టి చుట్టు. చీర రెండు భుజాలూ కప్పి చుట్టుకునేది కాబట్టి బయటికి కనిపించేది కాదు. రోజూ తనే ఉతికి, దండెం మీద చీర మడత లోపల ఆరేసుకునేది. ఆరకపోతే తడిదే తొడుక్కునేది. మొదటిరోజు తొడుక్కుని నిలబడితే, ఎవరో వెనకనుంచి వచ్చి చేతిలోని బిందె అందుకున్నట్టయింది. వారం పదిరోజులకు మెడ తిరిగింది. వేళ్ళ తిమ్మిరి తగ్గింది. పొద్దున్నే గోడకు ఆని నిలబడేది. ముందు తల గోడకు తగలలేదు, తర్వాత తగిలింది. గరిటె తిప్పుతూ కూనిరాగం తీసి, తనే ఉలిక్కిపడి నోరు మూసుకుంది.

ఎంత దాచినా దాగనిది ఒకటుంది. రవికను చీర కప్పింది, నిటారుతనాన్ని ఏది కప్పుతుంది?

మామగారి తద్దినం వచ్చింది. వేదవ్యాస దర్భలు సిద్ధం చేసుకుంటున్నాడు. భోక్తలు వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నారు. రాజ్యలక్ష్మి కూడా మడి కట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి, వెంకటసుబ్బమ్మ ఉట్టిమీది నేతిగిన్నెను చెయ్యి చాపి దించుతోంది. ఇన్నేళ్ళూ దానికి పీట వేసుకునేది.

"ఏమే, నువ్వు పొడుగు పెరిగినావా?" అని నవ్వింది రాజ్యలక్ష్మి. అంతలో ఎత్తిన చెయ్యి కింద, తడి చీర అంటుకున్నచోట, పట్టీ అచ్చు కనిపించింది. నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి భుజం మీది కొంగు లాగింది.

రాజ్యలక్ష్మి పోయి వేదవ్యాసను పిలుచుకొచ్చింది. ఆయన వంటింటి గడప అవతల తలవంచుకుని నిలబడ్డాడు. మరదలి వైపు చూడలేదు.

"కుట్టిన గుడ్డతో తద్దినం వంట చేస్తావా అమ్మా? ఎవరు కుట్టినారు?"

"మాబున్ని, బావగారూ. అక్క రవికలు కుట్టేదీ ఆమే."

"అక్క సంగతి వేరు."

"అక్క వీపు వేరా, బావగారూ?"

ఆ ఇంట్లో ఆమె ఎదురుమాట అనడం అదే మొదలు. వేదవ్యాస చేతిలోని దర్భను వేళ్ళకు చుట్టుకున్నాడు, విప్పుకున్నాడు. "నిన్ను బాధపెట్టాలని కాదమ్మా. వాకిట్లో భోక్తలు కూర్చున్నారు. మా నాయన తిథి. అది తీసేసి, తలమీద నీళ్ళు పోసుకుని, మొదటి నుంచి వండు. ఈ మాట గడప దాటనీను. ఇంక ఎప్పుడూ తొడగొద్దు."

వెంకటసుబ్బమ్మ బావి దగ్గరికి పోయి రవిక విప్పింది. మామగారు ఆమెను ఏనాడూ కసరలేదు. ఆయన పేరున పెట్టే అన్నం తనవల్ల చెడిపోకూడదనుకుంది. నీళ్ళు పోసుకుంది. మళ్ళీ పొయ్యి రాజేసి, మళ్ళీ పప్పు రుబ్బింది, మళ్ళీ గారెలు వేసింది. నొప్పి తన ఇంటికి తాను వచ్చినంత చనువుగా వచ్చి రెక్కల నడుమ కూర్చుంది. మోయని రోజులు ఎట్లా ఉంటాయో తెలిసినాక మోత రెండింతలైంది. ఒక్క పదార్థంలోనైనా ఉప్పు తప్పలేదు. భోక్తలు తృప్తిగా తిని, ఆశీర్వదించి పోయారు.

విస్తళ్ళు ఎత్తేశాక ఆమె గదిలోకి పోయి, తడి రవికే తొడుక్కుని బయటికి వచ్చింది. నిటారుగా నిలబడింది.

"ఇది నాకు మందు, బావగారూ. మందు మానుకోలేను. రేపట్నుంచి మడి వంట మానుకుంటా."

"యాడికి పోతావు?" అన్నాడు వేదవ్యాస.

"వండేవాళ్ళకు యాడో ఒకచోట పొయ్యి ఉంటాది."

మడి వంట లేకపోయినా ఇంట్లో ఉండమని ఎవరైనా అంటారేమోనని ఆమె కాసేపు నిలబడింది. వేదవ్యాస ఉత్తరీయం సర్దుకున్నాడు. రాజ్యలక్ష్మి చంటిదానికి జోల పాడసాగింది. పిల్లలు వసారాలో నుంచి చూశారు గాని, దూరంగా నిలబడే అలవాటు వాళ్ళకు బాగా పట్టుబడింది. ఎవరూ ఉండమనలేదు.

నిర్మలమ్మ అక్క చూసే పులివెందుల హాస్టల్లో పొయ్యిలు అరుగు మీద ఉండేవి, వంగనక్కర్లేదు. మడి అడిగేవాళ్ళు లేరు. చుట్టుపక్కల పల్లెల నుంచి, వేముల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆమెకు నిట్రాడు పెద్దమ్మ అని పేరు పెట్టారు. పందిరికి నిట్రాడు ఎట్లా నిలబడుతుందో అట్లా నిలబడుతుందని. ప్రొద్దుటూరు ముసలమ్మలు వింటే నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. నొప్పి పూర్తిగా పోయిందనుకోకూడదు. ముసురు పట్టినప్పుడూ, పెద్ద గుండిగలు దించినప్పుడూ గుర్తు చేసేది. కానీ అది ఇప్పుడు చుట్టంలాగా వచ్చిపోయేది, కాపురం పెట్టేది కాదు.

తీరని నొప్పి వేరే ఉంది. పిల్లలు పెద్దమ్మా పెద్దమ్మా అని గిన్నెలు చాపుతారు, వడ్డించుకుని పోతారు. వేసవి సెలవులకు ఊళ్ళకు పోతే అంత పెద్ద హాస్టల్లో ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించేది. ప్రొద్దుటూరు నుంచి ఏనాడూ ఎవరూ రాలేదు. ఇక్కడ ఎవరూ ఆమెను ముట్టుకోవద్దని అనలేదు. అయినా ముట్టుకునేవాళ్ళు లేరు. మడి విడిచినా మడి ఆమెను విడవలేదు.

అందుకే ప్రతి వేసవిలో బస్సెక్కి ప్రొద్దుటూరు పోయేది. వేదవ్యాస ఇంటి ముందు నుంచి పోకుండా వెనక సందులోంచి పోయేది. మాబున్నికి వయసు మీదపడింది. కళ్ళద్దాలు వచ్చాయి, సూదిలో దారం మనవరాలితో ఎక్కించుకుంటోంది. వెంకటసుబ్బమ్మ గుడ్డ ఆమె ఒళ్ళో పెట్టేది.

"ఆది తెచ్చినావా అమ్మా?"

"మర్చిపోయినా, మాబున్నీ."

ఒంటిమీద ఉన్న రవికే ఆది అవుతుందని, విప్పి ఇస్తే చాలునని మాబున్నికి తెలియక కాదు. ఇన్నేళ్ళుగా ఆ కొలతలు వేలెడు కూడా మారలేదని, అవి తనకు కంఠతా వచ్చునని కూడా తెలుసు. ఏ సంవత్సరమూ ఆ మాట అనలేదు. మిషను పక్కకు జరిపి, మోకాళ్ళు పట్టుకుని లేచి, పరదా వేసేది. మెడలో వేలాడుతున్న టేపు తీసేది.

"చేతులెత్తు అమ్మా" అనేది. "సరిగ్గా కొలుస్తా."